ఉప్పుకాగితం వదిలిన బోల్టులు

తోడికోడలి మిషన్ బోల్టులు ఊడదీసినందుకు పెద్దావిణ్ణి షెడ్డులోంచి మెడబట్టి గెంటేశారని వీధిలో అంటారు. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ చెప్పేటప్పుడైతే కథ ఇంకాస్త పెరుగుతుంది. పానా కొంగులో దాచుకుని వెళ్ళిందట. మిషన్ ఒక్కసారిగా ఎగిరి పడిందట. చిన్నావిడ చేతికి ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిందట. చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కి, ఆవిరి పైకి లేచేదాకా ఆగి, "అంత కుళ్ళు పెట్టుకున్న మనిషిని ఎవరు పక్కన ఉంచుకుంటారు చెప్పండి?" అని ముగిస్తుంది. బట్టల కోసం వచ్చినవాళ్ళు బట్టలతో పాటు ఈ ముక్క కూడా మడత నలగకుండా ఇంటికి పట్టుకుపోతారు.

వీధి పెద్దావిణ్ణి వెనకాల ఉప్పుకాగితం అంటుంది. చెక్కను రుద్ది నున్నగా చేసే గరుకు కాగితానికి వడ్రంగుల మధ్య ఉన్న పేరు అది. ఆవిడ చేసే పనీ దానితోనే, నోటి తీరూ దానిదే. ఎదుటపడితే మాత్రం అందరూ "పెద్దమ్మగారూ" అంటారు. వెనకాల ఏమంటారో ఆవిడకు తెలియక కాదు. ఒకసారి మేకుల దుకాణంలో ఎవరో నోరు జారితే, "నున్నటివాళ్ళతో నాకేం పని నాయనా, నీలాంటి గరుకు మొహాలకే నా అవసరం" అని సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది.

ఆవిడ భర్త వడ్రంగి. కోత, చిత్రిక పట్టడం, బిగింపు, అన్నీ ముచ్చటగా చేసేవాడు. ఆ తర్వాత రుద్దడమంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆయన చేసిన కుర్చీకి ఆవిడ చీర తగులుకుని దారం లేచింది. "ఇది కుర్చీయా, ముళ్ళకంపా?" అంటూ ఆయన చేతిలో కాగితం ముక్క లాక్కుని కూర్చుంది. అంతే, ఇక లేవలేదు. రుద్దగా రుద్దగా వేళ్ళ కొసల మీది గీతలన్నీ అరిగిపోయాయి. ఫోను ఆవిడ వేలిని గుర్తుపట్టదు. అందుకే చెక్కను వేళ్ళతో కాక అరచేతి మొదలుతో తడిమి చూస్తుంది. భర్త పోయాక ఆయన చిత్రిక మేకుకి ఎక్కింది గానీ, కిటికీ పక్కన ఆవిడ బల్ల మాత్రం కదల్లేదు. రుద్దే పనికి ఏటవాలు వెలుతురు కావాలి. ఆ కిటికీ లోంచి పొద్దున్న ఒక వైపు నుంచీ, సాయంత్రం గోడ మీద పడి రెండో వైపు నుంచీ వెలుతురు వస్తుంది. అలాంటి చోటు ఇంకోటి ఆ ఇంట్లో లేదు.

కొన్నాళ్ళకు చుట్టుపక్కల వడ్రంగులు కరెంటుతో రుద్దే మిషన్లు కొనుక్కున్నారు. బల్ల మీదికి వచ్చే పని సన్నగిల్లింది. సరిగ్గా అప్పుడే తోడికోడలు షెడ్డులోకి అడుగుపెట్టింది.

మరిది లారీ డ్రైవరు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. ఆయన భార్యకి తోచక, ఫోనులో వీడియోలు చూసి చూసి, సరదాకని ఒక మిషన్ తెప్పించుకుంది. పెట్టె మీద సి.ఎన్.సి. రౌటర్ అని ఉంది. షెడ్డులో అందరూ చెక్కుడు మిషన్ అన్నారు. అల్యూమినియం చట్రం, దాని మీద అటూ ఇటూ నడిచే చిన్న మోటారు, మోటారు మూతిలో పదునైన బిట్టు. కంప్యూటరులో గీసిన బొమ్మ ఎలా ఉంటే అలా చెక్కను తొలుస్తుంది. షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ కాబట్టి కాదనడానికి పెద్దావిడకు దారి లేకపోయింది. మిషన్‌కి అడుగున వెడల్పాటి బల్ల కావాలి. చిన్నావిడ చుట్టూ చూసి, మూలన గోడకు ఆనించి ఉన్న పాత తలుపు రెక్కను దించి, వడ్రంగులు గుర్రాలనే రెండు చెక్క స్టాండ్ల మీద పరిచి, దానికి మిషన్ కాళ్ళు నాలుగూ బోల్టులతో బిగించింది.

ఆ తలుపు పెద్దావిడ భర్త చేసింది. ఎవరికీ ఇవ్వకుండా మూలన పెట్టుకున్నది. దాన్ని దించేటప్పుడు చిన్నావిడ ఒక్క మాట అడగలేదు. అడగలేదు కాబట్టి పెద్దావిడ చెప్పనూ లేదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మొదలైంది. పొద్దున్నే ఎవరి సగం వాళ్ళు ఊడ్చుకునేవారు, రంపపు పొట్టు ఎదుటివాళ్ళ సగంలోకి తోసి మరీ. మధ్యాహ్నానికి ఆ పొట్టు రెండు సార్లు సరిహద్దు దాటేది.

గోడ గడియారాలు అమ్మే షాపాయన ఒకాయన చిన్నావిడ చేత చెక్క పలకలు చేయించుకునేవాడు. పలక మధ్యలో గుండ్రంగా, లోతు తక్కువగా, పళ్ళెంలా తొలవాలి. దాంట్లో అంకెలు అంటించి ముళ్ళు బిగిస్తారు. తొలిచిన అడుగు అద్దంలా ఉండాలి. ఉండేది కాదు. బిట్టు నడిచిన ప్రతి వరసకూ పక్కన సన్నటి గట్టు మిగిలేది. ముందు సగం ఫరవాలేదు, వెనక సగం మరీ ఘోరం. ముడి చెక్క మీద కంటికి ఆనదు, పాలిష్ పడగానే వరసలు వరసలుగా లేచి కూర్చునేది.

"ఏమ్మా, ఇవాళ్టి మడి దున్నడం అయిందా?" అని పలక అందుకుంటూ అడిగేది పెద్దావిడ.

"రుద్దండక్కా. మీకు పని ఉండాలనే వదిలిపెడుతున్నాను."

"నీ దయ, మహాతల్లీ. నీ మిషన్ ఇలా చల్లగా ఉన్నంతకాలం నాకు దిగుల్లేదు."

ఆ మాటలో ఎకసెక్కం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. ఇప్పుడు ఆ బల్ల మీదికి వచ్చే పని ఆ గీతలొక్కటే. పెద్దావిడ అరచేతి మొదలుతో గట్లు తడుముకుంటూ, లోపల తృప్తిగా, పైకి చిరాగ్గా, రుద్దుతూ కూర్చునేది.

చిన్నావిడ మాత్రం ఊరుకునే రకం కాదు. బిట్టు మొద్దుబారిందేమోనని కొత్తది వేసింది. నడక తగ్గించింది. బెల్టులు మీటి చూసి లాగి కట్టింది. చక్రాల్లో పొట్టు దులిపింది. ఎవరో వీడియోలో చెప్పారని, మోటారు మూతికి వంచిన తీగ ఒకటి బిగించి చేత్తో గుండ్రంగా తిప్పింది. మోటారు నిటారుగా ఉంటే తీగ కొస చుట్టూతా ఒకేలా తాకాలి. ఒక వైపు గీరుకుంది, రెండో వైపు సందు మిగిలింది. సాయంత్రమంతా కూర్చుని మోటారు నిటారు చేసింది. మర్నాటికి మళ్ళీ వంకర. దిద్దింది. మళ్ళీ వంకర. ఇక ఏదో దొంగ చెయ్యి ఉందన్న అనుమానం ఆమెకు అక్కడే పుట్టింది. షెడ్డులో ఉన్న రెండో చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా?

ఇక్కడ ఆ ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. డ్రైవరు లారీ తియ్యబోయే ముందు పానా పట్టుకుని చక్రాల బోల్టులన్నీ ఒక్కో పట్టు బిగిస్తాడు. వదులైన బోల్టే మనిషిని చంపుతుందని ఆయన నమ్మకం. పెళ్ళైన మొదటి వారమే పెళ్ళానికి వంటగది గ్యాసుపొయ్యి మరలు కూడా బిగించడం నేర్పాడు. అందుకని చిన్నావిడ పొద్దున్నే మిషన్ దగ్గరికి రాగానే చేసే మొదటి పని, నాలుగు కాళ్ళ బోల్టులూ పళ్ళు బిగించి ఒక్కో పట్టు తిప్పడం. గీతలు ఎక్కువైన కొద్దీ పట్టూ ఎక్కువైంది.

ఒకరోజు షాపాయన వచ్చి, బల్ల మీది పలకనీ పెద్దావిడ చేతుల్నీ చూసి పెదవి విరిచాడు.

"ఇలా చేత్తో రుద్దుకుంటూ కూర్చుంటే నా గడియారాలు ఎప్పటికి తిరుగుతాయమ్మా? మిషన్ మీంచి దిగిన పలక దిగినట్టే పాలిష్‌కి పోవాలి. అలా ఇవ్వగలిగితే పనంతా మీకే. రేపు మధ్యాహ్నం వస్తాను, నా ఎదురుగా ఒకటి తియ్యండి."

ఆయన వెళ్ళగానే చిన్నావిడ ఇటు తిరిగింది.

"విన్నారుగా అక్కా. నున్నగా వచ్చిందంటే ఈ బల్ల తీసేసి ఇక్కడ రెండో మిషన్ వేస్తాను. కిటికీ ఉంది కదా, గాలి బాగా ఆడుతుంది."

"నా బల్ల గాలికి అడ్డమా?"

"మిమ్మల్ని ఏమన్నానిప్పుడు? బల్లనన్నాను."

మాటకు మాట బాకీ ఉంచే మనిషి కాదు పెద్దావిడ. ఆ రోజు ఉంచింది.

మర్నాడు చిన్నావిడ మామూలుగానే బోల్టులు బిగించి, భోజనానికి ఇంట్లోకి వెళ్ళింది. పెద్దావిడ లేచి, మేకుకి వేలాడుతున్న భర్త పానా తీసుకుంది. కొంగులో దాచలేదు. దాచడానికి ఎవరున్నారు గనక? ఒక్కో బోల్టూ కిర్రుమని వదిలేదాకా తిప్పింది. పూర్తిగా తీస్తే తెలిసిపోతుంది, అందుకని తల ఆని ఉండేట్టు వదిలింది. మిషన్ గడగడలాడాలి, బిట్టు చెక్కను కొరికి పెట్టాలి, షాపాయన మొహం చిట్లించుకుంటూ పోవాలి. ఆవిడ కోరిక అంతే. దానికి ఇంకో మంచి పేరు పెట్టడం కుదరదు.

షాపాయన వచ్చాడు. మిషన్ నడిచింది. పెద్దావిడ చేతిలో కాగితం ఆడించడం మానేసి చెవులు రిక్కించింది. గడగడ ఏది? మోటారు చప్పుడు రోజుకన్నా మెత్తగా ఉంది. పలక దిగింది. షాపాయన బొటనవేలితో తొలిచిన అడుగంతా రాసి, కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురుకి వాల్చాడు. ముందు సగమూ వెనక సగమూ ఒకే నీళ్ళలా ఉన్నాయి.

"ఇదీ పనంటే! ఇలాగే వరసగా వస్తుందా?"

"వస్తుందండీ," అంది చిన్నావిడ.

"అయితే వారంలో వచ్చి ఒక పూట కూర్చుంటాను. పూటంతా ఇలాగే వస్తే మాట ఖాయం."

పెద్దావిడ తన చేత్తోనే తన బల్ల కాళ్ళు నరికిందా? ఆ సాయంత్రమంతా ఒక కుర్చీ చేతిని, రుద్దాల్సిన పని లేకపోయినా, రుద్దుతూనే ఉంది.

తెల్లారింది. చిన్నావిడ వచ్చి, ఉత్సాహం కొద్దీ ఇంకాస్త గట్టిగా, నాలుగు బోల్టులూ బిగించింది. అవి వదులుగా తిరిగాయన్నది ఆమె పట్టించుకోలేదు. రాత్రికి రాత్రి వదులవడం లారీల్లో మామూలే కదా. మిషన్ నడిపింది. గీతలు తిరిగొచ్చాయి.

పెద్దావిడకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవడానికి తొందరేమీ లేదనిపించింది. పలక అందుకుని, చాలా రోజుల తర్వాత, కూనిరాగం తీస్తూ రుద్దింది. ఆ రాగమే కొంప ముంచింది.

"సంతోషంగా ఉన్నట్టున్నారు," అంది చిన్నావిడ.

"ఎందుకుండను? నీ మడిలో చాళ్ళు మళ్ళీ కళకళలాడుతున్నాయి."

వారం గడువు దగ్గరపడింది. చిన్నావిడ బిట్టు మార్చింది, తీగ తిప్పింది, చట్రం లోపల, పలక కింద పరిచే చెక్కనంతా మళ్ళీ చదును చేసింది. చివరికి చక్రాలు విప్పి తుడుస్తుంటే వేలికి గరుకుగా ఏదో తగిలింది. చూసుకుంటే ఇసుక లాంటి పొడి. కాగితం నుంచి రాలే పొడి. ఆ వేలు అలాగే ఎత్తి పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి?"

"నీ వేలు."

"వేలి మీదేంటి? నా చక్రాల్లో ఇసుక పోశావు. నిజం చెప్పు, పోశావా లేదా?"

ఇన్నేళ్ళలో చిన్నావిడ ఆవిణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. పెద్దావిడ కాగితం బల్ల మీద పెట్టి నెమ్మదిగా లేచింది.

"ఏమన్నావ్?"

"ఇసుక పోశావన్నాను. ఆ షాపాయన ముందు నేను తలెత్తుకోకూడదని, దొంగచాటుగా వచ్చి పోశావు. కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నావని తెలుసు గానీ, మరీ ఇంత చిల్లర బుద్ధనుకోలేదు."

కుళ్ళు అన్నా ఊరుకునేదేమో. చిల్లర అన్న మాట ఆవిడకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇసుకా? పక్కింటి పిల్లలు తాళం కప్పలో పోసే ఇసుకా?

"నేను ఇసుక పోసే మనిషినా? పాడుచెయ్యాలనుకుంటే నాకు చేతకాదనుకున్నావా? బోల్టులు వదులు చేశాను! నాలుగూ వదులు చేశాను! పట్టపగలు, మీ బావగారి పానాతో!"

ఎదురింట్లో ఇస్త్రీపెట్టె ఆగింది. వీధికి అందిన కథ ఇదే, ఇంతవరకే. ఆ తర్వాత ఇద్దరి గొంతులూ తగ్గాయి కాబట్టి ఇస్త్రీ ఆవిడకు వినపడలేదు.

"ఎప్పుడు?" అంది చిన్నావిడ.

"ఆ బోడి షాపాయన వచ్చిన రోజు."

అన్నాక తెలిసింది పెద్దావిడకు, తన నోటితో తనే ఏమి పారేసుకుందో. చిన్నావిడ వేలు ఇంకా గాల్లోనే ఉంది. మొహం మీద కోపం మీద కోపం వచ్చి, దాని మీద ఇంకేదో ఆలోచన వచ్చి కూర్చుంటోంది.

"అబద్ధం. ఆ రోజు పలక నున్నగా వచ్చింది. బోల్టులు వదులైతే అలా వస్తుందా?"

"నాతో అబద్ధమంటావా?"

అబద్ధమేనని ఒప్పుకుని ఊరుకుంటే బల్ల మిగులుతుంది. ఆ సంగతి ఆవిడకు తెలియకపోలేదు. కానీ చిల్లర బుద్ధి, అబద్ధాలకోరు, రెండూ ఒకే పూట మొయ్యడం ఆవిడ వల్ల కాలేదు. మేకు మీంచి పానా ఊడలాక్కుని, వంగి, నాలుగు బోల్టులూ ఆ రోజు వదిలినట్టే, తల ఆని ఉండేట్టు, వదిలింది.

"నడుపు. నడిపి చూసి మాట్లాడు."

చిన్నావిడ చట్రం మీద చెయ్యి వేసి ఊపింది. టక్కుమంది. మూడు కాళ్ళు బల్ల మీద ఆనే ఉన్నాయి. వెనక ఎడమ కాలు మాత్రం పైకి లేచింది. దాని కింద సందులో కాగితం ముక్క పెట్టి చూస్తే దూరింది. ఆమె కింద కూర్చుండిపోయింది.

"చట్రం తిన్నగానే ఉంది. నేను బిగించినప్పుడల్లా దాన్ని ఈ తలుపుకి అతికించి వంచేస్తున్నాను. ఈ తలుపే..."

"మెలి తిరిగింది," అంది పెద్దావిడ. "ఆరని చెక్కతో చేశారు. అందుకే మీ బావగారు ఎవరికీ ఇవ్వలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"దించేటప్పుడు అడిగావా?"

చిన్నావిడ చెయ్యి చాపింది, ఆ సందులో పెట్టడానికి ఏదైనా ఇమ్మన్నట్టు, మొహం ఇటు తిప్పకుండానే. పెద్దావిడ అరిగిపోయిన ఉప్పుకాగితం ముక్క ఒకటి ఆమె ఒళ్ళోకి విసిరింది.

"అరిగిందే ఇస్తున్నాను. నీకు కొత్తది దండగ."

మడిచి దూర్చితే కాలు ఆనింది. పలక నడిపారు. నున్నగా వచ్చింది. ఇద్దరిలో ఒక్కరూ బాగుందనలేదు.

షాపాయన వచ్చి పూటంతా కూర్చున్నాడు. పలక తర్వాత పలక దిగింది, అన్నీ ఒకేలా. ఆయన తలూపి వెళ్ళిన సాయంత్రమే పెద్దావిడ బల్ల మీద సామానంతా బుట్టలోకి సర్దింది.

"నేనేం పొమ్మనలేదు," అంది చిన్నావిడ.

"నీ చేత అనిపించుకునేదాకా ఉంటానా?"

బల్ల ఒక్కళ్ళ వల్ల లేచేది కాదు. చిన్నావిడ రెండో కొస పట్టుకుంది. గుమ్మం దగ్గర ఇరుక్కుంది.

"నీ వైపు ఎత్తు."

"ఎత్తాను కదా."

"అది ఎత్తడమా? అడ్డంగా తిప్పు. అటు కాదు, ఇటు. నీకు ఏదీ తిన్నగా పెట్టడం రాదేం?"

"మీ ఆయన చేసిన తలుపా ఏంటి, తిన్నగా లేకపోవడానికి?"

ఆ మాటకు పెద్దావిడ బల్లను గట్టిగా ఒక్క తోపు తోసింది. బల్లా, చిన్నావిడా ఒకేసారి అరుగు మీదికి వచ్చి పడ్డారు. ఇస్త్రీ ఆవిడ చూసిన గెంటుడు ఇదే. ఎవరు ఎవర్ని గెంటారో దూరం నుంచి సరిగ్గా కనపడి ఉండదు.

బల్ల ఇప్పుడు పెద్దావిడ వాటా అరుగు మీద ఉంది. కిటికీ వెలుతురు లేదు. పొద్దున్న ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంది, మధ్యాహ్నానికి నీడ కమ్ముతుంది. కుర్చీ చేతులూ మంచం కోళ్ళూ, కరెంటు మిషన్ మూతి దూరని వంపులూ మాత్రం ఇంకా ఆవిడ దగ్గరికే వస్తాయి. తోడికోడళ్ళు ఇద్దరూ ఎదురుపడితే పొట్టు గురించి తప్ప మాట్లాడుకోరు. షెడ్డులో కిటికీ పక్కన రెండో మిషన్ నడుస్తోంది, దాన్ని కొత్త బల్ల మీద పెట్టారు.

మొన్న డ్రైవరు ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ పానా తీసి పాత మిషన్ కాళ్ళ దగ్గర వంగాడు. లోపల నుంచి చిన్నావిడ కేక వేసింది.

"వాటి మీద చెయ్యి వెయ్యకండి!"

"వదులుగా ఉన్నాయే!"

"ఉండనివ్వండి అంటున్నాను కదా!"

ఆ నాలుగు బోల్టుల తలల మీదా, కింది రేకు మీదా కలిసేట్టు, ఎర్రటి గోళ్ళరంగుతో ఒక్కో గీత ఉంది. బోల్టు ఏ మాత్రం కదిలినా గీత తప్పి తెలిసిపోవడానికి చిన్నావిడ పెట్టుకున్న గుర్తు అది. నాలుగు గీతలూ తిన్నగానే ఉన్నాయి. ఆ రోజు పెద్దావిడ ఎంతవరకు వదిలిందో, ఆ బోల్టులు ఇప్పటికీ అంతవరకే ఉన్నాయి.